లాటిన్ మేస్త్రి వేసిన మాటు

బట్టల ఫ్యాక్టరీలో పైపుల పని చూసే మేస్త్రిని అందరూ లాటిన్ మేస్త్రి అంటారు. ఆయనకు లాటిన్ రాదు. ఒక్క వాక్యం కూడా రాదు. వచ్చిందల్లా విడివిడి మాటలు, ఓ రెండు మూడు వందలు. అవీ ఇంగ్లీషు మాటల కడుపులో దాక్కుని ఉన్నవి.

ఆ మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఆయన రంగుల షెడ్డు వెనక గొంతుక్కూర్చుని వాల్వు విప్పుతున్నాడు. చెల్లెలు పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె అదే ఫ్యాక్టరీలో పిల్లల గదికి ఆయా. మిషన్ల మీద కుట్టే తల్లులు పొద్దున్నే పిల్లల్ని ఆమె చేతికిచ్చి మేడెక్కుతారు. మొత్తం పద్నాలుగు మంది, అందరూ నాలుగేళ్ల లోపువాళ్లే. ఆమె కాళ్లకు చెప్పుల్లేవు. చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది.

"అన్నయ్యా, ఇది చదివి పెట్టు. త్వరగా."

"ముందు ఊపిరి తీసుకోవే. ఏమైంది?"

"కాలర్లు కుట్టే అమ్మాయి లేదూ, నిన్న వాళ్ల పాపను ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ రక్తం తీసి పెద్ద ల్యాబుకు పంపిందట. ఏం జబ్బమ్మా అంటే, రిపోర్టు రానీ, అప్పుడు చెబుతానందట. ల్యాబుకు రాసిన చీటీకి నకలు ఇది. నాలుగో పిల్ల అన్నయ్యా! కడుపునొప్పని మెలికలు తిరగడం, తిన్నది వంటబట్టకపోవడం, మొహం సున్నం కొట్టినట్టు అయిపోవడం. మేనేజరు మేడమ్ నన్ను పట్టుకుంది. పాలపొడి పాడు చేశావు, ఏం కలిపావో చెప్పమంటోంది. పన్నెండింటికల్లా సంజాయిషీ రాసివ్వాలట. లేకపోతే రేపటి నుంచి రానక్కర్లేదట."

మేస్త్రి చేతులు గుడ్డకు తుడుచుకుని కాగితం విప్పాడు. వయసు, బరువు, రక్తం తక్కువ, కడుపునొప్పి. అడుగున ఒక ప్రశ్నార్థకం, దాని పక్కన ఒకే ఒక్క మాట. ప్లంబిజం.

డాక్టర్ల రాత అర్థం కాక ఊళ్లో సగం మంది ఆయన దగ్గరికే వస్తారు. ఈ మాట మాత్రం అర్థం కాకపోతే బాగుండునని ఆయనకు అనిపించింది.

"ఏముంది?" అంది చెల్లెలు.

"రాత సరిగా లేదు."

"నీకా? నీకు అర్థం కాలేదా?" ఆమె ఆయన మొహంలోకి చూసింది. "పోనీ పాలపొడి అని ఉందా, లేదా? అదొక్కటి చెప్పు."

"పాలపొడి అని లేదు."

"హమ్మయ్య" అని ఆమె కాగితం లాక్కుని వెళ్లిపోయింది. పదింటికి పిల్లల పాల వేళ. అప్పటికి నీళ్లు మరగాలి.

మేస్త్రి చేతిలో రెంచీ అలాగే ఉండిపోయింది.

ఈ మాటల పిచ్చి ఆయనకు పన్నెండేళ్ల కిందట పట్టుకుంది. ఎనిమిదో తరగతిలో బడి మాని, పాత్రలకు మాట్లు వేసే ఒక ముసలి మేస్త్రి దగ్గర చేరాడు. మాటు అంటే చిల్లు పడ్డ చోట లోహం కరిగించి అతకడం. అక్కణ్నుంచి పైపుల పనిలోకి వచ్చాడు. ఒకసారి ఏదో కాలేజీ లైబ్రరీ నేలమాళిగలో గొట్టం పగిలితే బాగు చెయ్యడానికి వెళ్లాడు. తడిసిన పుస్తకాలను వాకిట్లో కుప్ప పోశారు. అందులో దిండంత లావు ఇంగ్లీషు డిక్షనరీ ఒకటి ఉంది. వాచ్‌మన్ "తీసుకుపోవయ్యా, పొయ్యిలోకి పనికొస్తుంది" అన్నాడు. మేస్త్రి దాన్ని ఇంటికి మోసుకెళ్లి, కట్టలు కట్టలుగా విడదీసి, బట్టల తీగ మీద ఆరేశాడు.

"నా చీరలకు లేని క్లిప్పులు నీ కాగితాలకు వచ్చాయి. ఎండాక వండమంటావా, వేయించమంటావా?" అంది భార్య.

ఆరిన కాగితాల్లో ఆయన మొదట వెతికింది తన పనినే. ప్లంబర్. ఆ మాట పక్కన, ఇది ఎక్కడ పుట్టిందో రాసి ఉంది. లాటిన్‌లో ప్లంబం అంటే సీసం. ప్లంబర్ అంటే సీసం పనివాడు. అంతవరకు ఆయనను ఫ్యాక్టరీ ఇంజనీరు "ఏయ్ పైపూ" అని పిలిచేవాడు, మిగిలిన వాళ్లు ఈల వేసి పిలిచేవారు. తన పని పేరుకు రెండు వేల ఏళ్ల తల్లి ఉందని ఆ రోజే ఆయనకు తెలిసింది. రోజంతా నేలకు రెండంగుళాల ఎత్తున నడిచాడట. భార్య ఇప్పటికీ చెబుతుంది.

ఆ తర్వాత ఆగలేదు. ఒక నోటుపుస్తకం పెట్టి, ఒక్కో తల్లి కింద పిల్లల్ని రాయడం మొదలుపెట్టాడు. లాటిన్‌లో గులకరాయిని ఏమంటారో దాని నుంచే డాక్టర్లు కిడ్నీ రాయికి వాడే కాల్‌క్యులస్సూ, లెక్కలు చేసే కాల్‌క్యులేటరూ పుట్టాయి. "కిడ్నీలో రాయీ, మీ వాడి లెక్కల క్లాసూ అక్కాచెల్లెళ్లు. రెండూ ఏడిపించేవే" అని క్యాంటీన్‌లో చెప్పి నవ్వించేవాడు. మజిల్ అంటే చిట్టెలుక. చెయ్యి మడిచి కండ చూపించి, "ఇదిగో, చర్మం కింద ఎలుక పరుగు" అనేవాడు. వాల్వు అంటే తలుపు రెక్క. గుండె జబ్బు మనిషి ఎవరన్నా కనిపిస్తే, "నీ తలుపు కిర్రుమంటోంది, అంతే, కంగారుపడకు" అనేవాడు. చదువు దొరికినవాడు మాటతో పని చేసుకుంటాడు. ఈయనకు దొరికింది మాట ఒక్కటే, పని ఎప్పుడూ రెంచీదే. అందుకని దాన్ని నగలా మెడలో వేసుకు తిరిగాడు.

ప్లంబం తల్లికి ఒక పేజీ మొత్తం ఇచ్చాడు. ప్లంబర్. ప్లంబ్ లైన్, అంటే గోడ నిలువు చూసే గుండుతాడు. ప్లంబేగో, అదొక నీలిపూల మొక్క. ప్లంబిజం, అంటే సీసం ఒంట్లోకి పోయి పట్టే విషరోగం. కడుపునొప్పి, రక్తం తక్కువ, పిల్లలకు మరీ ప్రమాదం. ఇదంతా ఆయన తన చేత్తో, గుండ్రటి అక్షరాలతో రాసుకున్నదే. ఎవరు అడిగినా ఒక్క గుక్కలో అప్పజెప్పేవాడు, నీలిపూల తర్వాత విషరోగం.

మూడు నెలల కిందట పిల్లల గదిలో నీళ్లు కాచే రాగి బాయిలరు కారింది. స్టోరులో ఇచ్చేది సీసం లేని టంకం తీగ. అది కరగాలంటే వేడి ఎక్కువ కావాలి, అంత వేడికి పాత రాగి అతుకు ఇంకా విచ్చుకుంటోంది. రెండుసార్లు వేశాడు, రెండుసార్లూ కారింది. పాల వేళ దగ్గర పడుతోంది. ఇంజనీరు గుమ్మంలో నిలబడి, "ఏం మేస్త్రీ, డిక్షనరీలో చూడకూడదూ?" అన్నాడు. పక్కనున్న ఇద్దరు నవ్వారు.

మేస్త్రి గదికి వెళ్లి పెట్టె అడుగు నుంచి ముసలి గురువు ఇచ్చిపోయిన సీసపు కడ్డీలు తెచ్చాడు. సీసం వెన్నలా పారుతుంది, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుంది. గురువు దగ్గర ఒక నియమం ఉండేది: సీసం బయట, తగరం లోపల. నీళ్లు తగిలే వైపు సీసం పెట్టకూడదు. ఈ బాయిలరుకు బయట అందదు, కింద కరెంటు కాయిల్ పెట్టె అడ్డం. లోపలి నుంచే వెయ్యాలి. వేశాడు. ఒక్క చుక్క కారలేదు. అతుకు వెండి తీగలా మెరిసింది. "చూశారా సార్? సీసం పట్టనివాడు ప్లంబరే కాదు. ఆ మాటకు అర్థమే అది" అన్నాడు ఇంజనీరుతో. ఇంజనీరు మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ వారమంతా మేస్త్రికి అన్నం రుచిగా ఉంది. లోపల తగరం పూత వేద్దామని ఒకసారి అనుకున్నాడు గానీ, బాయిలరు ఖాళీగా దొరకలేదు, తర్వాత మరిచిపోయాడు.

షెడ్డు గోడ మీద గడియారం పది కొట్టింది. మేస్త్రి లేచి, పిల్లల గది వైపు నడవలేదు, పరుగెత్తాడు.

గదిలో నేల మీద చాపలు. ఇద్దరు పిల్లలు చెక్కబొమ్మ కోసం కొట్టుకుంటున్నారు. కిటికీ దగ్గర మూడేళ్ల వాడొకడు కడుపు పట్టుకుని పక్కకు తిరిగి పడుకున్నాడు. మూలన స్టూలు మీద బాయిలరు బుసకొడుతోంది. బల్ల మీద స్టీలు గ్లాసులు వరసగా ఉన్నాయి. చెల్లెలు చెంచాతో కలుపుతోంది.

"ఎవరన్నా తాగారా?"

"ఇంకా లేదు. ఏడు కలిపాను. ఏం?"

"పారబొయ్యి."

"పిచ్చెక్కిందా? పాలపొడి వృథా అయిందని ఇంకో కాగితం రాయాలి నేను."

"బాయిలరు కారుతోంది. కరెంటు తగులుతుంది. పారబొయ్యమన్నానా!" అని అరిచాడు. కొట్టుకుంటున్న పిల్లలు బొమ్మ వదిలేసి చూశారు. ఆయన ప్లగ్గు పీకి, తానే గ్లాసులన్నీ తూములో వంచాడు. నీళ్లు కావాలంటే క్యాంటీన్ నుంచి తెచ్చుకోమన్నాడు. బాయిలరులో నీళ్లు కూడా వంచేసి, వేడి తగ్గకముందే గోనెసంచి చుట్టి ఎత్తుకున్నాడు.

తన పని గదిలో తలుపు గడియ వేసి, మూత తీసి, లోపలికి లైటు పట్టాడు. వెండి తీగ లేదు. అతుకు పొడుగునా తెల్లగా, పిండిలాంటి పొర. అక్కడక్కడ లోహం కరిగిపోయి, ఎలుకలు కొరికినట్టు గుంటలు. మూడు నెలలుగా ఆ గుంటల్లోని సీసం ఎక్కడికి పోయిందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మేస్త్రికి కాలు కడుక్కునే దారి ఎదురుగానే ఉంది. గీకుడు కత్తి, గ్యాసు మంట గొట్టం, తగరం. అరగంట పని. సీసమంతా గీకేసి, తగరం పూసి, పదకొండింటికి తీసుకెళ్లి స్టూలు మీద పెట్టేస్తే అయిపోయింది. రిపోర్టులో సీసం అని వస్తే రానీ. గోడ రంగు అంటారు, బొమ్మల రంగు అంటారు, మిషన్ నూనె అంటారు. బాయిలరు కడుపులోకి ఎవడు తొంగి చూస్తాడు? ఇక ముందు పిల్లలకు మంచి నీళ్లే కదా! ఈ 'ఇక ముందు' అనే ముక్క దగ్గర ఆయన చాలాసేపు నిలబడ్డాడు. అది చాలా మెత్తగా, కూర్చోమన్నట్టుగా ఉంది. కత్తి తీసుకుని ఒక్క గీత గీశాడు. తెల్లపొడి రాలింది.

తలుపు టకటకా చప్పుడైంది. "అన్నయ్యా, తియ్యి. నేనే."

గడియ తీశాడు, బాయిలరు మీద సంచి కప్పి. చెల్లెలు గుమ్మంలోనే నిలబడి కాగితం చాచింది. "సంజాయిషీ రాశాను. మాటలు సరిగా ఉన్నాయో లేదో చూడు. మేడమ్ పెద్ద పెద్ద మాటలుంటే నమ్ముతుంది. నీ దగ్గరున్నవి రెండు మూడు తగిలించు."

ఆయన చదివాడు. 'పాలపొడి డబ్బా మూత నేను సరిగా పెట్టి ఉండకపోవచ్చు. పిల్లలకు బాగోలేకపోవడం నా పొరపాటే. ఇకపై జాగ్రత్తగా ఉంటాను. దయచేసి నన్ను పనిలో ఉంచండి.'

"మూత పెట్టలేదా నువ్వు?"

"ఎందుకు పెట్టను! రోజూ పెడతాను, పైన రబ్బరు బ్యాండు కూడా వేస్తాను."

"మరి ఇలా ఎందుకు రాశావే?"

"ఏదో ఒకటి ఒప్పుకుంటే క్షమిస్తానంది. ఒప్పుకోకపోతే తీసేస్తానంది. నువ్వైతే ఏం రాస్తావు?" అని విసుక్కుంది. తర్వాత గొంతు తగ్గించింది. "రాసేటప్పుడు నాకే అనుమానం వచ్చింది అన్నయ్యా. నిజంగానే నేనేమన్నా చేశానా అని. కిటికీ దగ్గర పడుకున్నాడు చూశావా, వాడు పొద్దున నా చెయ్యి వదల్లేదు. నా చేత్తోనే కదా తాగారు అందరూ!"

మేస్త్రి ఆ కాగితాన్ని మడిచాడు. మళ్లీ విప్పాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవలసినవాడు తలుపేసుకుని కూర్చుంటే, ఏ పాపమూ ఎరగని మనిషి తన భుజాలు తడుముకుంటోంది.

"నువ్వేం చెయ్యలేదు" అన్నాడు. సంచి తీసేశాడు. "ఇది చూడు. ఈ తెల్లది సీసం. నేను పెట్టింది. చీటీలో ఉన్న మాటకు అర్థం సీసం విషమని. పొద్దున చదవగానే తెలిసింది నాకు."

ఆమె లోపలికి చూసింది. "పొద్దున్నే తెలిసిందా?" అంది.

"తెలిసింది."

"మరి రాత బాగాలేదన్నావే?"

ఆమె కొట్టలేదు, ఏడవలేదు. ఆయన చేతిలోంచి తన సంజాయిషీ లాక్కుని నాలుగు ముక్కలు చేసింది. "ఎత్తుకో దాన్ని. పద" అంది.

మేడమ్ గది మేడ మీద, ఎయిర్ కూలరుతో చల్లగా ఉంటుంది. ఆమె కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, బాయిలరునూ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మేస్త్రి నిలబడే చెప్పాడు. ఎప్పుడు వేశాడు, ఏది వేశాడు, చీటీలో మాటకు అర్థమేమిటి. చెబుతుండగానే ఆమె లేచి తలుపు మూసింది.

"ఇంకెవరితోనన్నా అన్నారా?"

"లేదండి."

"అనకండి." ఆమె కూర్చుని మెల్లగా మొదలుపెట్టింది. "చూడండి మేస్త్రిగారూ, మీరు డాక్టరు కాదు. డిక్షనరీ చూసి రోగం చెబుతారా? సాయంత్రానికి కొత్త బాయిలరు తెప్పిస్తాను. ఇది తుక్కులో వేసేద్దాం. మీ చెల్లెలి కాగితం కూడా అక్కర్లేదు. మీ పని మీకుంటుంది, ఆమె పని ఆమెకుంటుంది. పిల్లలు నాలుగు రోజుల్లో వాళ్లే తేరుకుంటారు. అనవసరంగా తల్లులందరినీ హడలగొట్టి, మిషన్లు ఆపించి..."

పదేళ్లుగా ఆ గదిలో ఆయనకు ఇంత మర్యాద ఎప్పుడూ దొరకలేదు. మేస్త్రిగారూ అట! 'ఇక ముందు' మళ్లీ వచ్చి కుర్చీ లాగింది. ఆయన నేల చూశాడు.

"తేరుకోకపోతే?" అంది చెల్లెలు.

"నువ్వు మాట్లాడకు" అంది మేడమ్.

"నేనే మాట్లాడాలి. తాగించింది నేను. సీసం లోపలికి పోతే బయటికి ఎలా వస్తుంది అన్నయ్యా? నీ పుస్తకంలో ఏముంది?"

"తేలిగ్గా రాదు" అన్నాడు మేస్త్రి. "ఎముకల్లో కూర్చుంటుంది. నలుగురే కాదు మేడమ్, పద్నాలుగు మందికీ రక్తం చూడాలి." అని బాయిలరు భుజానికెత్తుకున్నాడు.

"అది ఫ్యాక్టరీ వస్తువు. గేటు దాటిస్తే దొంగతనం కింద రాయిస్తాను!"

"రాయించండమ్మా. ఏం దొంగిలించాడని అడిగితే, అందులో ఏముందో కూడా రాయించండి" అంది చెల్లెలు.

గేటు దగ్గర సెక్యూరిటీ వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. అతని టేబుల్ మీద ఫోను మోగుతూనే ఉంది. మేస్త్రి సంచి మూతి విప్పి, "మీ అన్న కూతురు పిల్లల గదిలోనే ఉంది కదూ? నేను ఇందులో తప్పు పని చేశాను. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను" అన్నాడు. అతను ఫోను వైపు చూశాడు, సంచి వైపు చూశాడు. ఫోను ఎత్తలేదు. చెయ్యి తీశాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వయసులో మేస్త్రి కూతురంత ఉంటుంది. బాయిలరులోకి టార్చి వేసి చూసి, ఒక చెక్కపుల్లతో తెల్లపొడి కొంచెం గీకి సీసాలో వేసింది. ఆమె ఆశ్చర్యపోయిందో, కోప్పడిందో మొహంలో తెలియలేదు. ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది. ఏ నెల, ఏ తారీఖు. రోజుకు ఎన్నిసార్లు కాస్తారు. రాత్రి నీళ్లు అందులోనే నిలవ ఉంటాయా. అందరికంటే చిన్న పిల్ల వయసెంత. చెల్లెలు ప్రతి బిడ్డ పేరూ, ఎవరు ఎన్ని గ్లాసులు తాగుతారో తడుముకోకుండా చెప్పింది. డాక్టరమ్మ రాసుకుంది.

"రిపోర్టు కోసం ఆగక్కర్లేదు. పద్నాలుగు మందినీ ఇవాళే తీసుకురావాలి. ఫ్యాక్టరీకి నేను ఫోన్ చేస్తాను" అని రిసీవరు ఎత్తి, నంబరు నొక్కుతూనే, "పిల్లలు బాగవుతారా అని అడగరేం?" అంది మేస్త్రితో.

"అడగడానికి భయంగా ఉందమ్మా."

"కొందరు త్వరగా బాగవుతారు. కొందరి సంగతి ఇప్పుడే చెప్పలేను." అది ఓదార్పు కాదు, తిట్టూ కాదు. మేస్త్రికి తిట్టినా బాగుండుననిపించింది.

ఫోను మాట్లాడి పెట్టేశాక ఆమె ఒక తెల్లకాగితం ఆయన ముందుకు తోసింది.

"ఆ కడ్డీలతో ఇంకెక్కడ మాట్లు వేశారు?"

ఆయన తలెత్తాడు. ఈ ప్రశ్న ఆయనకు తట్టనే లేదు. బాయిలరు ఒప్పుకుంటే మొత్తం ఒప్పుకున్నట్టే అనుకున్నాడు.

"పైపులకు కాదమ్మా. పైపులకు స్టోరు తీగే."

"పాత్రలకు?"

ఆదివారాలు ఎవరైనా అడిగితే చేసిపెట్టిన పనులు ఒక్కొక్కటే కళ్ల ముందుకు వచ్చాయి. ముసలివాళ్ల ఆశ్రమంలో పెద్ద కెటిలు. టైలరు ఇంట్లో రాగి బిందె, వాళ్ల కోడలికి ఏడో నెల. బస్సులు ఆగే చోట టీ కొట్టులో కుళాయి ఉన్న టీ బాయిలరు. కాగితం మీద రాస్తుంటే గుండ్రటి అక్షరాలు వంకరపోయాయి. ఆరు రాసి, ఏడోది గుర్తు రాక పెన్ను కొరికాడు. గుర్తొచ్చాక అదీ రాశాడు.

"అందరికీ మేం కబురు పంపుతాం. సాయంత్రం అవుతుంది" అంది డాక్టరమ్మ.

"సాయంత్రం దాకా తాగుతారు కదమ్మా" అన్నాడు మేస్త్రి, లేస్తూ. కాగితానికి నకలు తీసి ఇమ్మన్నాడు.

చెల్లెలు పిల్లల్ని తీసుకురావడానికి ఫ్యాక్టరీ వైపు తిరిగింది. పది అడుగులు వేసి, వెనక్కి చూడకుండానే, "టైలరు ఇల్లు ముందు చూడు" అంది.

టైలరు ఇంటికి దారిలోనే టీ కొట్టు తగిలింది. మధ్యాహ్నం షిఫ్టు డ్రైవర్లు ఏడెనిమిది మంది, కొందరు తాగుతూ, కొందరు గ్లాసుల కోసం నిలబడి ఉన్నారు. కొట్టాయన ఆవిర్ల మధ్య నుంచి చూసి, "ఓ, మేస్త్రీ! నువ్వు వేసిన మాటు రాయిలా ఉందయ్యా, చుక్క కారలేదు. రా, ఒక గ్లాసు తాగిపో, డబ్బులొద్దు" అని కుళాయి తిప్పబోయాడు.

మేస్త్రి జనాన్ని తోసుకుని ముందుకు వెళ్లి, కొట్టాయన మణికట్టు పట్టుకున్నాడు.

"స్టవ్వు ఆపు. అందరూ గ్లాసులు కింద పెట్టండి. ఎందుకో చెబుతాను. విన్నాక మీ ఇష్టం, నన్నేం చేసినా సరే."